ఎట్‌లీస్ట్ వందైనా తగ్గించన్నా!

ప్రశ్న: తెలుగులో ‘చాలా’, ‘కనీసం’, ‘మాత్రమే’ ఉండగా ‘ఫుల్’, ‘ఎట్‌లీస్ట్’, ‘ఓన్లీ’ అని ఎందుకంటున్నాం? తెలుగులో అంత అలవోకగా దొర్లే ఈ మాటలే ఇంగ్లిషు వాక్యంలోకి వెళ్లేసరికి ఎందుకు పట్టు తప్పుతాయి? సరిగ్గా వాడాలంటే ఎలా?

అబిడ్స్‌లో ఏ బట్టల కొట్టులోనైనా సరే, బేరం చివరికొచ్చేసరికి రెండు మాటలు వినిపిస్తాయి. కొనేవాళ్లది ఒకటి: “ఎట్‌లీస్ట్ వందైనా తగ్గించన్నా!” అమ్మేవాళ్లది ఇంకొకటి: “ఓన్లీ మీకే ఈ రేటు మేడమ్, ఇదే లాస్టు.” మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. ఓపిగ్గా విప్పి చూద్దాం.

మొదటి వాక్యంలో ‘ఎట్‌లీస్ట్’ చేసే పనే ‘వందైనా’లోని ‘ఐనా’ కూడా చేస్తోంది. ఇంగ్లిషు మాట తీసేసి ‘వందైనా తగ్గించన్నా’ అనండి, అర్థం పిసరంత కూడా తగ్గదు. ‘ఐనా’ తీసేసి ‘ఎట్‌లీస్ట్ వంద తగ్గించన్నా’ అంటే వాక్యం నిలబడుతుంది గాని బతిమాలే గొంతు పోతుంది. రెండో వాక్యంలో సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. ‘ఓన్లీ మీకు ఈ రేటు’ అంటే ఏదో మింగేసినట్టుంటుంది, ‘మీకే’ అనాల్సిందే. ‘ఈవెన్ నాకు తెలీదు’ అనం, ‘ఈవెన్ నాక్కూడా తెలీదు’ అంటాం. అంటే ఇంగ్లిషు మాట ముందు నడుస్తూ దండోరా వేస్తుంది. హద్దు గీసేది మాత్రం వెనకాల వచ్చే తెలుగు ముక్క: ఒక ఏత్వమో, ఒక ‘ఐనా’నో, ఒక ‘కూడా’నో. ఇంగ్లిషు మాట్లాడాల్సి వచ్చినప్పుడు తడబాటు ఎందుకొస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది. దండోరా మన దగ్గరుంటుంది, హద్దు గీసే ముక్క ఉండదు.

ముందు ‘ఎందుకు’ సంగతి చూద్దాం. ఎంత అని చెప్పే మాటలకు ఒక జబ్బుంది, వాడేకొద్దీ అరుగుతాయి. మన ‘చాలా’నే తీసుకోండి. అది ‘చాలు’ నుంచి పుట్టింది. సరిపడేంత అనే చోటు నుంచి బయల్దేరి ‘ఎక్కువగా’ దాకా వచ్చింది. ఇప్పుడు దానికా బలమూ లేదు. భోజనం చేసి ‘చాలా బాగుందండీ’ అంటే వడ్డించినావిడ మర్యాదకు అన్నారనుకుంటుంది. ‘తెగ నవ్వాం’లోని ‘తెగ’ తెగిపోవడం నుంచి వచ్చింది. ఇవాళ ఆ మాట విని ఎవరికీ ఏదీ తెగుతున్నట్టు అనిపించదు. ఇంగ్లిషుదీ ఇదే కథ. ‘వెరీ’ అన్నది పాత ఫ్రెంచిలో ‘నిజమైన’ అనే మాట. ‘ఆఫుల్లీ’, ‘టెరిబ్లీ’ ఒకప్పుడు భయంతో ముడిపడినవి, ఇప్పుడు ‘టెరిబ్లీ గుడ్’ అని హాయిగా మెచ్చుకోవచ్చు. అమెరికన్ భాషావేత్త డ్వైట్ బోలింజర్ 1972లో ఈ మోతాదు మాటల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పాతవి అరిగిపోతుంటే కొత్తవి కావాలి, అవి పక్క భాషలో సిద్ధంగా దొరుకుతాయి.

హైదరాబాదులో పక్క భాషలకు ఎప్పుడూ కరువు లేదు. ‘అతి’, ‘బహు’, ‘మహా’ అన్నీ సంస్కృతం నుంచి వచ్చి ఇంట్లోవాళ్లయిపోయినవే. ఆ తర్వాత ఉర్దూ, దక్కనీల వరస: ‘జర’, ‘మస్తు’, ‘బిల్కుల్’, ‘ఏక్‌దమ్’, ‘జాస్తి’, ‘కమ్మి’. ‘జర జరుగు’ అనే మాటలోని ‘జర’ అరబ్బీలో అణువంతను చెప్పే మాట. ‘మస్తు’ అంటే ఫార్సీలో మత్తెక్కినది. ‘మస్తుగున్నది’ అనే ఏ తెలంగాణ తల్లికీ మత్తు గుర్తుకు రాదు, కడుపు నిండినట్టే ఉంటుంది. ఇంగ్లిషు కూడా ఈ వీధులకు కొత్తేం కాదు. అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834 నాటిది, ఆల్ సెయింట్స్ 1855 నాటిది. అబిడ్స్ పేరే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసి, ఇక్కడ దుకాణం నడిపిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మీనియన్ నుంచి వచ్చింది. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి తరగతులు ఇక్కడికి దగ్గర్లోని గన్‌ఫౌండ్రీలోనే మొదలయ్యాయి. బోధన ఉర్దూలో, ఇంగ్లిషు తప్పనిసరి పాఠం, పిల్లల్లో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ఇళ్లవాళ్లెందరో. అలాంటి ఊళ్లో ‘మస్తు’ పక్కన ‘ఫుల్’ చేరడంలో వింతేముంది?

‘ఫుల్’ వచ్చి చేరిందే గాని ఇంగ్లిషు ‘ఫుల్’లాగా ఉండిపోలేదు. ‘ఫుల్ వర్షం’, ‘ఫుల్ హ్యాపీ’, ‘ఫుల్లు నవ్వాం’ — వీటిలో ఏ ఒక్కటీ ఇంగ్లిషు కాదు. ఇంగ్లిషువాళ్లకు వాన ‘హెవీ’, సంతోషం ‘వెరీ’, నవ్వు ‘ఎ లాట్’. ‘ఓవర్ చేయకు’, ‘లైట్ తీస్కో’, ‘మాక్సిమమ్ వచ్చేస్తా’ కూడా ఇంతే. ఆ చివరిదానికి అర్థం ‘దాదాపు ఖాయంగా వస్తా’ అని. ఇంగ్లిషువాడికి మాక్సిమమ్ అంటే పై హద్దు, రావడానికీ దానికీ సంబంధం ఉండదు. వీటిని తప్పు ఇంగ్లిషు అని ఎందుకు చిన్నబుచ్చాలో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఇవి మంచి తెలుగు మాటలు. తెలుగులో హాయిగా వాడుకోండి, ఇంగ్లిషులోకి మాత్రం తిరిగి మోసుకెళ్లకండి. మొదటి జాగ్రత్త ఇదే.

ఇక అసలు చిక్కు ‘ఓన్లీ’. రైలు ఎక్కడి నుంచి అని అడిగితే ‘నాంపల్లి నుంచే’ అంటాం. టికెట్టు మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉన్నా మన నోట్లో అది నాంపల్లే. ఈ జవాబును ఇంగ్లిషులో పెడితే ‘ఫ్రమ్ నాంపల్లి ఓన్లీ’ అవుతుంది. ఏత్వం మాట వెనకాల వస్తుంది కాబట్టి ‘ఓన్లీ’నీ మాట వెనకాలే తగిలిస్తాం. ఇది తెలుగువాళ్ల అలవాటే కాదు. మరాఠీలో మాట చివర ‘చ’ చేరుతుంది, దాన్నే దక్కనీ ‘ఇచ్’ చేసుకుంది. నాంపల్లి ఆటో అన్న ‘యహీచ్ హై’ అన్నా, మనం ‘ఇక్కడే’ అన్నా, ఆఫీసులో కుర్రాడు ‘హియర్ ఓన్లీ’ అన్నా పనిచేస్తున్న యంత్రం ఒకటే. జర్మన్ భాషావేత్త క్లౌడియా లాంగె 2007లో భారతీయ ఇంగ్లిషులోని ‘ఓన్లీ’, ‘ఇట్‌సెల్ఫ్’ల మీద పరిశోధన వ్యాసం రాశారంటే ఈ అలవాటు ఎంత పెద్దదో చూడండి.

మరి ఇబ్బంది ఎక్కడ? మన ఏత్వం రెండు పనులు చేస్తుంది. ఒకటి, మిగతావాటిని తోసేయడం: ‘నాకు టీయే కావాలి’, అంటే కాఫీ వద్దు. రెండు, ఊరికే నొక్కి చెప్పడం: ‘ఇప్పుడే వచ్చాను’, ‘నిజమే’, ‘ఇక్కడే ఉన్నాను’. ఈ రెండో రకంలో తోసేయడానికి ఎవరూ లేరు. ఇంగ్లిషు ‘ఓన్లీ’కి మొదటి పనే బాగా వచ్చు. రెండోదానికి వాళ్లు వేరే వేరే మాటలు పెట్టుకున్నారు. ‘ఇప్పుడే’ అంటే ‘జస్ట్ నౌ’, ‘ఇక్కడే’ అంటే ‘రైట్ హియర్’, ‘నిజమే’ అంటే ‘దట్స్ ట్రూ’ అని గొంతు ఒత్తడం, ‘ఆ మనిషే’ అంటే ‘ద వెరీ సేమ్ మ్యాన్’. మనం అన్నిటికీ ‘ఓన్లీ’ వాడితే మన ఊరివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. లండన్ నుంచి ఫోన్లో వినేవాడు మాత్రం ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ విని ఇంకెక్కడ ఉండాల్సింది అని ఆలోచనలో పడతాడు.

‘నిన్ననే’ సంగతి మరీ గమ్మత్తు. ‘నిన్ననే కొన్నాను, అప్పుడే చిరిగింది’ అన్నప్పుడు ‘నిన్ననే’ అంటే మొన్నమొన్ననే అని. ఇంగ్లిషు ‘ఓన్లీ ఎస్టర్‌డే’ సరిగ్గా ఇదే. ‘రేపు రమ్మంటే నిన్ననే వచ్చేశాడు’ అన్నప్పుడు అర్థం తిరగబడుతుంది: అనుకున్నదానికంటే ముందే. మనవాళ్లు దీన్ని ‘ఎస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’ అంటారు. బయటివాళ్లకు చెప్పేటప్పుడు ‘ఆల్రెడీ’ అనాలి, ‘హి ఆల్రెడీ కేమ్ ఎస్టర్‌డే’. ఇక్కడ ‘ఓన్లీ ఎస్టర్‌డే’ అన్నారా, ఆలస్యంగా వచ్చాడని నింద వేసినట్టే.

అయితే ఎలా? నేను చెప్పగలిగే ఉపాయం ఒకటే. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి, ఏత్వం ఏ మాటను పట్టుకుందో చూడండి, ఇంగ్లిషులో ‘ఓన్లీ’ని ఆ మాటకు ముందు పెట్టండి. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల దగ్గర ఒక డిక్షనరీ కొన్నారనుకుందాం. ‘డిక్షనరీయే కొన్నాను’ అంటే ‘ఐ బాట్ ఓన్లీ ఎ డిక్షనరీ’. ‘నేనొక్కణ్నే కొన్నాను’ అంటే ‘ఓన్లీ ఐ బాట్ వన్’. ‘నేనే కొన్నాను’ అన్నప్పుడు ‘ఎవరూ ఇవ్వలేదు, సొంతంగా’ అని మీ ఉద్దేశమైతే ఓన్లీ జోలికే పోకండి, ‘ఐ బాట్ ఇట్ మైసెల్ఫ్’ చాలు. ‘చూశానంతే, కొనలేదు’ అంటే ‘ఐ ఓన్లీ లుక్డ్’. మాటల్లో ఇంగ్లిషువాళ్లు తరచు ‘ఓన్లీ’ని క్రియ ముందే పడేసి, గొంతుతో అసలు మాటను ఒత్తుతారు: ‘ఐ ఓన్లీ బాట్ ఎ డిక్షనరీ’. అది తప్పేమీ కాదు. కాగితం మీద గొంతు వినపడదు కాబట్టి రాసేటప్పుడు మాత్రం పక్కనే పెట్టడం క్షేమం. ‘ఈవెన్’కూ ఇదే ఉపాయం: ‘కూడా’ ఎవరి వెనకాల ఉందో వాళ్ల ముందు ‘ఈవెన్’. ‘ఎట్‌లీస్ట్’కూ ఇదే: ‘ఐనా’ ఎక్కడుందో అక్కడ.

‘క్వైట్’ దగ్గర అందరూ గాభరా పడతారు. బ్రిటిష్‌వాడు ‘క్వైట్ గుడ్’ అంటే మెచ్చుకున్నట్టా, కాదా? తెలుగువాళ్లకు ఇది అర్థం కాకపోవడానికి కారణమే లేదు, ఎందుకంటే ఈ ఆట మనకూ వచ్చు. ‘సినిమా బాగుంది’ అనడానికీ ‘బాగానే ఉంది’ అనడానికీ ఉన్న తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. నొక్కి చెప్పాల్సిన ఏత్వం ఇక్కడ గాలి తీసేసింది. బ్రిటిష్ ‘క్వైట్ గుడ్’ అచ్చం మన ‘బాగానే ఉంది’. అదే ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే ‘బొత్తిగా కుదరదు’. మంచి, చెడ్డ, వేడి, చల్లన లాంటివాటికి మెట్లుంటాయి, అక్కడ ‘క్వైట్’ ఒక మెట్టు దిగుతుంది. అసాధ్యం, ఖాళీ, సరైనది లాంటివాటికి మెట్లుండవు, అక్కడది ‘పూర్తిగా’ అవుతుంది. అమెరికావాళ్లు ‘క్వైట్ గుడ్’ను ‘చాలా బాగుంది’ వైపే వాడతారు, కాబట్టి డాలస్‌లో ఉన్న మేనల్లుడు అంటే సంతోషించవచ్చు, లండన్‌లో ఉన్న మేనకోడలు అంటే ఇంకోసారి అడగాలి.

ఇంగ్లిషు ‘ఎ ఫ్యూ’కూ ‘ఫ్యూ’కూ తేడా నేర్పడానికి వ్యాకరణ పుస్తకాలు పేజీలు ఖర్చు పెడతాయి. తెలుగులో ఒక్క అక్షరం చాలు. ‘కొద్దిమంది వచ్చారు’ — ఎ ఫ్యూ. ‘కొద్దిమందే వచ్చారు’ — ఫ్యూ. ‘కొద్దిగా నీళ్లున్నాయి’ — ఎ లిటిల్. ‘కొద్ది నీళ్లే ఉన్నాయి’ — లిటిల్. వాళ్లు ముందున్న ‘ఎ’ను తీసేసి నిరాశ చెబుతారు, మనం వెనక ఏత్వం పెట్టి చెబుతాం. బడిలో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని పరీక్షల మార్కులు మిగిలేవో!

‘టూ’కు మనకు ‘మరీ’ ఉంది. ‘చాలా’ అనగలిగిన చోట ‘వెరీ’, ‘మరీ’ అనగలిగిన చోట ‘టూ’. ‘బిర్యానీ చాలా కారంగా ఉంది’ అని లొట్టలేసుకుంటూ అనవచ్చు, ‘మరీ కారంగా ఉంది’ అంటే నీళ్ల గ్లాసు అందించాలి. మనవాళ్లు ‘ఫుడ్ ఈజ్ టూ టేస్టీ’ అంటే మెచ్చుకోలే అనుకుంటారు, కొత్తవాళ్లు ‘అయితే ఏమైంది?’ అని మిగతా సగం కోసం ఎదురుచూస్తారు. తెలుగులో ‘టూ మచ్ చేస్తున్నావ్’ అనడం మాత్రం గురి తప్పని వాడుక, అక్కడున్నది అచ్చమైన ‘మరీ’. దానికి ఎదురుజవాబుగా ‘త్రీ మచ్’ అనేవాళ్లకు ఇంగ్లిషు వ్యాకరణం ఎలాగూ అక్కర్లేదు.

తెలుగులో మెత్తగా జారిపోయి ఇంగ్లిషులో ముల్లై గుచ్చుకునేది ఇంకొకటి ఉంది: ‘అందరూ రాలేదు’. కొందరు వచ్చారనీ, కొందరు రాలేదనీ మనకు అర్థమవుతుంది. ఒక్కరూ రాకపోతే ‘ఎవరూ రాలేదు’ అనేవాళ్లం. దాన్నే ‘ఆల్ డిడ్ నాట్ కమ్’ అని మార్చితే రెండు అర్థాలొస్తాయి. కాదనే మాట ఎవరి మీద పడాలో వాళ్ల ముందు పెడితే సరి: ‘నాట్ ఆల్ కేమ్’. ఎవరూ రాకపోతే ‘నన్ కేమ్’. నాంపల్లి ఎం.జె. రోడ్డులోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్‌-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపరు పెడుతుంది కదా, దానికి చదివేవాళ్లు ఈ ఒక్కటి చేతికి తెచ్చుకున్నా సంక్షిప్త లేఖనంలో భావం తలకిందులు కాదు.

కొన్నిటికి మాత్రం తెలుగే ఇంగ్లిషు కంటే ముచ్చటగా ఉంటుంది. ‘ద వెరీ ఫస్ట్’కు ‘మొట్టమొదటి’, ‘ద వెరీ ఎండ్’కు ‘చిట్టచివర’, ‘బ్రాడ్ డేలైట్’కు ‘పట్టపగలు’. మాట తన మొదటి అక్షరాన్నే రెట్టించుకుని మోతాదు పెంచుకుంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రమే ఉంది. ‘ఆల్మోస్ట్’కూ మనకు వేరే దారి ఉంది. ‘ఐ ఆల్మోస్ట్ ఫెల్’ అంటే ‘పడబోయాను’. ‘దాదాపు పడ్డాను’ అనేది అనువాదపు తెలుగు. జిరాక్స్ కొట్టులో ‘ఆల్మోస్ట్ అయిపోయిందన్నా’ అన్నారంటే ఇంకా కాలేదని అర్థం, కుర్చీ వెతుక్కోండి.

పై హద్దు, కింది హద్దు చెప్పే మాటల్లో డబ్బు పోతుంది కాబట్టి వాటిని కాస్త గట్టిగా పట్టుకోవాలి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారిన నుమాయిష్‌కు వెళ్లినా, అబిడ్స్ దుకాణాల బోర్డులు చూసినా ‘50 శాతం’ అంకె పెద్దది, దాని పైనున్న ‘అప్ టు’ చిన్నది. ‘ఫ్లాట్ 50’ అంటే ప్రతి వస్తువు మీదా సగం ధర. ‘అప్ టు 50’ అంటే మహా అయితే సగం. మీరు మెచ్చిన చీర మీద ఐదు శాతమే ఉన్నా బోర్డు అబద్ధం కాదు. ‘స్టార్టింగ్ ఫ్రమ్ 499’ దీనికి తలకిందులు: ఎంత లేదన్నా 499, పైన ఎంతైనా కావచ్చు. ఎట్ మోస్ట్‌కు ‘మహా అయితే’, ఎట్ ద వెరీ లీస్ట్‌కు ‘ఎంత లేదన్నా’ — ఈ రెండూ నోట్లో ఉన్నవాళ్లకు ఏ బోర్డూ బోల్తా కొట్టించలేదు. తేదీల్లో ‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారంలోగా ఒక్కసారి చేస్తే చాలు, ‘అన్‌టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా చేస్తూనే ఉండాలి. ‘సబ్మిట్ అన్‌టిల్ ఫ్రైడే’ అని రాసే నోటీసులకు లెక్కే లేదు.

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఇవే మాటలు మనుషుల ఏళ్లను కొలుస్తాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి మూడేళ్ల ‘వరకు’ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ‘మే ఎక్స్‌టెండ్ టు’ అన్నారు కాబట్టి మూడు అనేది పై హద్దు, కింద ఎంతైనా తగ్గవచ్చు. అదే మనిషికి అదే నేరంలో రెండోసారి శిక్ష పడితే ‘నాట్ లెస్ దాన్ వన్ ఇయర్’ చేరుతుంది: ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్లకు మించకుండా. పేపర్లో ‘దొంగతనానికి మూడేళ్ల జైలు’ అని చదివి, తీరా ఆరు నెలలే వేశారని ఆశ్చర్యపోయేవాళ్లు ఆ ‘వరకు’ను దాటేసినవాళ్లే.

సివిల్ కాగితాల్లో ‘ఎక్స్‌టెంట్’ ఇంకో వేషం వేస్తుంది. ‘టు సమ్ ఎక్స్‌టెంట్’ అంటే ‘కొంతవరకు’. భూమి దస్తావేజులో ‘ఎక్స్‌టెంట్’ అంటే విస్తీర్ణం, ఎకరాలు గుంటల్లో: ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. రెండెకరాల తగాదాలో ఉత్తర్వు ‘టు ద ఎక్స్‌టెంట్ ఆఫ్ టెన్ గుంటాస్’ అని వచ్చిందంటే రెండు వేషాలూ ఒకేసారి వేసినట్టు: ఆ పది గుంటల మేరకే, 1210 చదరపు గజాలకే ఆ ఉత్తర్వు, మిగతా 70 గుంటల సంగతి అందులో లేదు.